నిరీక్షణకు గణితము చెప్పిన బడిపంతులు

డెన్మార్కు దేశమున జట్లాండు ప్రాంతమందు లోన్‌బోర్గు అను చిన్న గ్రామము కలదు. 1878వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆ యూరి బడిపంతులుగారి యింట ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగు జన్మించెను. సాయంకాలములందు సోదరుడు ఫ్రెడరిక్ పుస్తకము ముందుంచుకొని చదువుచుండగా, ఆగ్నర్ ఎదుట కూర్చుండి అదే పుస్తకమును తలక్రిందుగా చదివెడివాడట!

వయస్సు చాలకపోయినను ప్రత్యేకానుమతి పొంది, 14వ యేట కోపెన్‌హేగను నగరమున పరీక్ష వ్రాసి మిక్కిలి ప్రశస్తముగా నుత్తీర్ణుడయ్యెను. పిమ్మట ఇంటికి వచ్చి రెండేండ్లు తండ్రి బడిలోనే పాఠములు చెప్పెను. 1896లో విద్యార్థివేతనముతో విశ్వవిద్యాలయమున చేరి, 1901లో గణితము ముఖ్యవిషయముగా పట్టము పొందెను. తరువాత సుమారు ఏడేండ్లు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండెను.

గణితశాస్త్రజ్ఞుల సంఘమున ఆయనకు యెన్సెన్ అను నింజనీరుతో పరిచయము కలిగెను. యెన్సెన్ కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీలో ఉద్యోగి. ఆ పరిచయము వలన 1908లో ఎర్లాంగు ఆ కంపెనీలో ప్రవేశించెను.

అచ్చట ఆయనకు ఎదురైన ప్రశ్న చూచుటకు చిన్నది. ఒక ఊరికి ఎన్ని టెలిఫోను తీగలు కావలెను? తక్కువైనచో, వైద్యుని పిలువబోయిన వానికిని తీగ దొరకదు. ఎక్కువైనచో ధనము వ్యర్థము. ఎవరు ఎప్పుడు పిలుతురో ముందుగా నెవ్వరికిని తెలియదు. అయినను పెక్కుమంది పిలుపులను కలిపి చూచినచో వానికొక క్రమము కలదని ఎర్లాంగు 1909లో సంభావ్యతా గణితముచే నిరూపించెను. పిలుపు త్రోసివేయబడు అవకాశమెంతయో, వేచియుండవలసిన కాలమెంతయో తెలుపు సూత్రములను 1917లో ప్రకటించెను.

ఒక యుదాహరణము చూడుడు. గంటకు 100 పిలుపులు వచ్చును. ఒక్కొక్క సంభాషణ 3 నిమిషములు. మొత్తము 300 నిమిషములు, అనగా 5 తీగలకు సరిగా గంట పని. 5 తీగలు చాలునని మనము తలంతుము. కాని పిలుపులు వరుసగా రావు, గుంపులుగా వచ్చును. ఎర్లాంగు సూత్రము ప్రకారము 5 తీగలే యున్నచో నూటికి సుమారు 28 పిలుపులు తిరిగిపోవును. 10 తీగలున్నచో రెండు మాత్రమే.

ఆయన కాగితములకే పరిమితుడు కాడు. నిచ్చెన మోయు పనివానిని వెంటబెట్టుకొని, వీధులలోని గోతులలోనికి దిగి తీగలను పరీక్షించెడివాడు. వివాహమాడలేదు. సంపాదనలో కొంత పేదలకిచ్చెడివాడు. దాదాపు ఇరువదియేండ్లు ఒక్కనాడైనను అనారోగ్యమని సెలవు పెట్టలేదు. 1929 జనవరిలో తొలిసారి జబ్బుపడి, శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ఫిబ్రవరి 3వ తేదీన, 51వ యేట మరణించెను. ఒక తీగ గంటసేపు నిండుగా పనిచేసిన ఒక ఎర్లాంగు అను కొలతను 1946లో అంతర్జాతీయముగా నంగీకరించిరి.

నేడు కార్యాలయములలో కంప్యూటర్లను కలుపు ఈథర్నెట్ స్విచ్చిలోను ఈ ప్రశ్నయే కలదు. పలు ద్వారములనుండి వచ్చిన సమాచారపు పొట్లములు ఒకే ద్వారమున పోవలసివచ్చినచో, కొన్ని స్విచ్చి జ్ఞాపకములో వరుస కట్టి వేచియుండును. ఆ చోటు నిండినచో వచ్చినవి పారవేయబడును. కావున దానిని సిద్ధపరచువారు పొట్లములకు 0 మొదలు 7 వరకు ఎనిమిది ప్రాధాన్యములలో నొకటి నిర్ణయింతురు. ఆలస్యమైనచో మాట తెగును గనుక మాటలను మోయు పొట్లములను ముందు పంపి, పెద్ద దస్త్రములను వెనుక నిలుపుదురు. ఈ పొట్లముల రాక టెలిఫోను పిలుపుల వంటిది కాదు గనుక ఆయన సూత్రములు ఇచ్చట యథాతథముగా వర్తింపవు. కాని ఎవరు వేచియుండవలెను, ఎంతసేపు, ఎవరిని త్రోసివేయవలెనన్న విచారణకు దారి చూపినవాడాయనయే.

బాలబాలికలారా! డేనిష్ భాష మాటలాడువారు లోకమున కొద్దిమందియే. ఎర్లాంగు 1909నాటి వ్యాసమును, 1917నాటి వ్యాసమును మొదట ఆ మాతృభాషలోనే ప్రకటించెను. వానిని మూలమున చదువుటకై అమెరికాలోని బెల్ ప్రయోగశాల పరిశోధకుడొకడు డేనిష్ భాష నేర్చుకొనెనని చెప్పుదురు. చుట్టును వేరుభాష వినబడుచోట తెలుగున గణితము నేర్చుకొను మనము ఈ సంగతిని మరువరాదు. వ్రాసిన విషయము గట్టిదైనచో, చదువగోరువారే మన భాషను వెదకికొని వత్తురు.