బంతి ఇచ్చారు, బ్యాట్ ఇవ్వలేదు

పార్లమెంటుకు సెలవైన ఆదివారం ఉదయం రాజధానిలో విలేకరికి పని తక్కువ. చలికాలపు పొగమంచు పూర్తిగా విడకముందే మా కాలనీ పార్కులో పిల్లలు ఇటుకలు పేర్చి వికెట్లు నిలుపుతారు. అధికారుల పిల్లలు, గుమాస్తాల పిల్లలు, దుకాణదారుల పిల్లలు కలిసే ఆడతారు. నేను బెంచీ మీద పత్రికలు పెట్టుకొని కూర్చుంటానే గాని, చదివేది తక్కువ, ఆట చూసేది ఎక్కువ.

కొన్ని వారాలుగా ఒక కుర్రవాణ్ణి గమనిస్తున్నాను. అతడు కాపలాదారు కొడుకు. బంతి పొదల్లో పడితే వెదికి తెచ్చేది అతడే. అతడు వేసే బంతి చక్కగా తిరుగుతుంది గనుక బౌలింగ్ కూడా అతడి చేతనే చేయిస్తారు. బ్యాట్ మాత్రం అతడి చేతికి రావడం నేను చూడలేదు. అతణ్ణి చూసినప్పుడల్లా పల్వంకర్ బాలూ గుర్తుకు వస్తారు.

ఈ పేరును రాజకీయ చరిత్ర చదివేవారు పూనా ఒడంబడికపై సంతకాలు చేసినవారి జాబితాలో చూసి ఉంటారు. ఆ సంతకం చేసిన చేయి అంతకు ముందు పాతికేళ్లపాటు ఈ దేశంలో కెల్లా గొప్ప ఎడమచేతి స్పిన్ బౌలర్ చేయి అన్న సంగతి చాలామంది ఎరుగరు.

బాలూ 1870 దశకంలో ధార్వాడలో, అస్పృశ్యులుగా ఎంచబడిన చమార్ కుటుంబంలో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసేవాడు. పూనాలో తెల్ల అధికారులు పారవేసిన సామగ్రితో బాలూ, ఆయన తమ్ముడు శివరామ్ ఆట నేర్చుకున్నారు. పార్సీలు నడిపే ఒక క్లబ్బులో నెలకు 3 రూపాయల జీతానికి మైదానం ఊడ్చి, పిచ్ చదును చేయడం బాలూ తొలి ఉద్యోగం. తరువాత తెల్లవారి పూనా క్లబ్బులో చేరి, నెట్స్‌లో గ్రేగ్ వంటి అధికారులకు గంటల తరబడి బంతులు వేశారు. ఆ అభ్యాసమే ఆయనను మేటి బౌలర్‌గా చేసింది. కాని ఆ సంవత్సరాలలో ఒక్కసారి కూడా ఆయనకు బ్యాట్ అందించలేదు. అది దొరల వస్తువు.

పూనా హిందువుల క్లబ్బు తెల్లవారిని సవాలు చేయదలచినప్పుడు బాలూను జట్టులో చేర్చుకోవాలా వద్దా అన్న వివాదం లేచింది. చరిత్రకారుడు రామచంద్ర గుహ చెప్పిన ఒక విషయం మనకు ప్రత్యేకంగా పట్టించుకోదగినది. ఆ క్లబ్బులోని తెలుగు సభ్యులు కొందరు బాలూను చేర్చుకోవాలన్నారు. స్థానిక మరాఠీ బ్రాహ్మణ సభ్యులు కాదన్నారు. చివరకు చేర్చుకున్నారు. మైదానంలో ఆయన విసిరిన బంతినే అందరూ ముట్టుకున్నారు. విరామ సమయంలో మాత్రం మిగిలినవారికి పెవిలియన్‌లో పింగాణీ కప్పులలో టీ, ఆయనకు వెలుపల మట్టి ముంతలో టీ. బాలూతో కలిసి ఆడేవారు ఆయనతో కలిసి భోజనమూ చేయాలని హితవు చెప్పినవారిలో జస్టిస్ రనడే ఒకరు.

ప్లేగు రోజులలో బాలూ బొంబాయి చేరారు. 1906లో హిందువుల జట్టు బొంబాయి జింఖానా మైదానంలో యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించింది. ఆ విజయంలో బాలూ బౌలింగ్‌ది పెద్ద పాత్ర. పాలకులను ఓడించే మార్గం మరెక్కడా కనిపించని రోజులలో, ఎండలో నిలబడి ఆట చూసిన సామాన్యునికి ఆ గెలుపు ఎంతటిదో ఊహించవచ్చు. అభిమానికి కావలసింది వికెట్. తీసిన చేయి ఎవరిదని ఆ క్షణంలో అతడు అడగడు. క్రికెట్ మన సమాజానికి చేసిన మేలు ఈ ఒక్క క్షణమే అనుకుంటాను. ఆ క్షణం పెవిలియన్ మెట్ల దగ్గర ముగిసిపోవడమే దాని పరిమితి.

1911లో పటియాలా మహారాజు నాయకత్వాన భారత జట్టు ఇంగ్లండులో పర్యటించింది. జట్టు అనేక మ్యాచ్‌లలో ఓడినా, బాలూ ఒక్కరే 114 వికెట్లు తీశారు. అయినా ఆయనను హిందువుల జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. ముగ్గురు తమ్ముళ్లు, శివరామ్, గణపత్, విఠల్, అదే జట్టుకు ఆడారు. 1920లో బాలూను జట్టు నుంచి తప్పించి, కెప్టెన్ పదవికి విఠల్‌ను పక్కనపెట్టినప్పుడు విఠల్, శివరామ్ నిరసనగా వైదొలగారు. వివాదం పెద్దదై, ఫైనల్‌కు బాలూను ఉపనాయకుడిగా పిలిచారు. కెప్టెన్ పాయ్ కొంతసేపు మైదానం వీడి ఆయనకు నాయకత్వం అప్పగించారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యారు, హిందువులు గెలిచారు. అన్నకు దక్కనిది తమ్మునికి దక్కింది.

యువకుడైన అంబేద్కర్‌కు బాలూ ఆదర్శ పురుషుడు. ఆయన సన్మానాలకు అంబేద్కర్ శ్రద్ధ వహించారు. కాని 1932లో ప్రత్యేక నియోజకవర్గాల ప్రశ్న వచ్చేసరికి ఇద్దరి దారులు వేరయ్యాయి. బాలూ, ఎం.సి. రాజాతో కలిసి ఉమ్మడి నియోజకవర్గాల పక్షాన, గాంధీజీ వైపు నిలిచారు. సెప్టెంబరు 24న ఎరవాడలో కుదిరిన ఒడంబడిక రాష్ట్ర శాసనసభలలో 148 స్థానాలను దళితులకు కేటాయించింది. 1937లో బొంబాయి శాసనసభకు కాంగ్రెస్ బాలూను అంబేద్కర్‌పైనే నిలిపింది. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి.

ఈ ఎన్నికను నేను అనేకసార్లు ఆలోచించాను. మట్టి ముంతలో టీ తాగిన మనిషి ఉమ్మడి జట్టును ఎందుకు నమ్మాడు? ముంత నుంచి ఉపనాయకత్వం దాకా వచ్చిన ప్రయాణాన్ని ఆయన చూశారు గనుక మిగిలిన దూరం కూడా గడుస్తుందనుకున్నారని నా ఊహ. ఆ కొద్ది దూరానికి పాతికేళ్లు పట్టిందనీ, అదీ నిరసన తరువాతనే దక్కిందనీ అంబేద్కర్ పక్షం బదులు చెప్పగలదు. లెక్క ఒకటే, ఇద్దరూ దానిని చదివిన తీరు వేరు. ఓటర్లు రెండో తీరు వైపు మొగ్గారు. బాలూ 1955 జులైలో బొంబాయిలో కన్నుమూశారు.

గత ఆదివారం పార్కులో ఇద్దరు పిల్లలు రాలేదు. పరీక్షలట. జట్టుకు మనుషులు చాలకపోవడంతో కాపలాదారు కొడుక్కి బ్యాట్ ఇచ్చారు. అతడు రెండు బంతులు ఆడాడు, మూడో బంతికి అవుటయ్యాడు. ఆ రెండు బంతులు ఆడినప్పటి ముఖం నాకింకా గుర్తుంది. కాని ఆ బ్యాట్‌ను అతడికి అవసరం ఇచ్చింది, హక్కు ఇవ్వలేదు. వచ్చే ఆదివారానికి పరీక్షలు ముగుస్తాయి, అందరూ వస్తారు. అప్పుడు చూడాలి.