చీకటికి చూపునిచ్చిన హెర్షెల్

అమావాస్య రాత్రి నట్టడవిలో పులి నీటిగుంటకు వస్తుంది. చెట్టు మొదట కట్టిన చిన్న కెమెరా దాని నడకను, తోక కదలికను సైతం చిత్రించుకుంటుంది. అక్కడ మన కంటికి ఏ దీపమూ కనిపించదు. అయినా వెలుగున్నది. ఎరుపు రంగుకు ఆవలనున్న ఆ వెలుగును పరారుణమంటారు. చీకటిలో చలనచిత్రం తీయగల నేటి యంత్రాలలో పెక్కింటికి ఆధారమైన ఈ కిరణాలను 1800లో కనుగొన్నవాడు విలియం హెర్షెల్. యురేనస్ గ్రహాన్ని కనుగొన్న ఖగోళవేత్తగా ఆయన పేరు బడిపిల్లలకు సైతం తెలుసు. కాని ఆయన జీవితమంతా చీకటిలో చూడడం నేర్చుకొనే సాధనయేనన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

హెర్షెల్ 1738 నవంబరు 15న జర్మనీలోని హానోవరు నగరంలో జన్మించినాడు. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందంలో ఓబో అనే సుషిరవాద్యం వాయించేవాడు. పదునాలుగో ఏట కుమారుడూ అదే కొలువులో చేరినాడు. 1757లో ఫ్రెంచి సేనలు హానోవరుపై దండెత్తగా, ఇరవై యేండ్లైనా నిండని ఈ యువకుడు ఇంగ్లండు చేరినాడు. చేతిలోని సంగీతం తప్ప వేరే ఆస్తి లేదు. స్వరప్రతులు వ్రాసియిచ్చి, పాఠాలు చెప్పి, కచేరీలు చేసి పొట్టపోసుకున్నాడు. 1766లో బాత్ నగరంలోని ఆక్టగన్ ప్రార్థనాలయంలో ఆర్గన్ వాద్యకారుడుగా నియమితుడైనాడు. వేడినీటి ఊటలకోసం ధనికులు వచ్చి విడిసే ఆ ఊళ్లో సంగీతజ్ఞునికి ఆదరణకు కొదవలేదు. జీవితం అక్కడితో స్థిరపడవలసినదే.

కాని స్వరశాస్త్రం తెలుసుకోవాలని రాబర్టు స్మిత్ గ్రంథం చదివిన హెర్షెల్‌ను, అదే పండితుడు వెలుగును గూర్చి వ్రాసిన మరో గ్రంథం పట్టుకున్నది. 1773 నాటికి ఆయన దూరదర్శినుల వ్యామోహంలో పడినాడు. మంచివి కొనడానికి ధనం చాలదు. కనుక రాగి, తగరం కలిపి కరగించి, తానే దర్పణాలు పోతపోసి మెరుగుపెట్టసాగినాడు. పగలు పాఠాలు, సాయంకాలం కచేరీలు, రాత్రి నక్షత్రాలు. 1772లో హానోవరు నుండి వచ్చిన చెల్లెలు కేరొలీన్ ఈ యజ్ఞంలో పాలుపంచుకున్నది. పని ఆపితే దర్పణం చెడిపోతుందని గంటల తరబడి చేతులు తీయక అన్న మెరుగుపెడుతుంటే, ఆమె అన్నం ముద్దలు నోటికందించేది. అచ్చులకై గుర్రపు పేడ దంచి జల్లించేది. 1781లో ఒక పెద్ద దర్పణాన్ని ఇంట్లోనే పోతపోస్తుండగా కొలిమి కారి, కరగిన లోహం నేలపై ప్రవహించినది. వేడికి నేలరాళ్లు పగిలి ఎగసినవి. హెర్షెల్, పనివారు తృటిలో ప్రాణాలు దక్కించుకున్నారు.

ఈ బాత్ నివాసకాలంలోనే, 1776లో జరిగిన ఒక చిన్న ప్రయోగాన్ని ఇక్కడ చెప్పవలె. ఆయన ఇరవై అడుగుల దూరదర్శినిని నిలబెట్టినాడు. సంజచీకట్లు ముసిరినవి. దూరాన ఉన్న చర్చి గోపురం కంటికి ఆనడం లేదు. కాని దూరదర్శినిలో చూస్తే ఆ గోపురం మీది గడియారం ఎంతైనదో తెలిసినది! పెద్దది చేసి చూపడం ఒక శక్తి, చీకటిని చొచ్చుకొని చూపడం మరొక శక్తి అని ఆయన గ్రహించినాడు. పాప కంటె పెద్దదైన దర్పణం, కంటికి అందని కొద్దిపాటి వెలుగును సైతం దోసిట పట్టి కంటికందిస్తుంది. చుక్కల వెలుగును పోగుచేసి, దానిని విద్యుత్తుతో పలురెట్లు పెంచి చూపే రాత్రిదర్శినులకు ఈ సూత్రమే మొదటి మెట్టు.

1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆయన దృష్టికి ఒక వింత చుక్క తగిలినది. తొలుత తోకచుక్క అనుకున్నాడు. అది శనికి ఆవలి గ్రహమని తేలినది. మరుసటి యేడు మూడవ జార్జి రాజు సాలుకు 200 పౌనులు భరణమిచ్చినాడు. సంగీతవృత్తి ముగిసినది. 1786లో స్లౌ గ్రామంలో స్థిరపడి, నలభై అడుగుల గొట్టంతో, నాలుగడుగుల దర్పణంతో మహాదూరదర్శినిని 1789లో పూర్తిచేసినాడు.

ఆ రాత్రుల తీరు గమనింపదగినది. వెలుగు చూసిన కన్ను చీకటికి అలవాటుపడడానికి చాలాసేపు పడుతుందని హెర్షెల్‌కు తెలుసు. అందుకని ఆయన దీపం చూడడు, చీకట్లోనే నిలిచి కనిపించినది బిగ్గరగా చెబుతాడు. ఇంట్లో కిటికీ దగ్గర దీపం, గడియారం పెట్టుకొని కేరొలీన్ వ్రాసుకుంటుంది. 1783 డిసెంబరు 31న మంచుకప్పిన నేలపై చీకట్లో పరుగెత్తబోయి ఆమె జారిపడగా, ఇనుపకొక్కెం తొడలో దిగబడినది. కోలుకొని మళ్లీ కలం పట్టినది. అన్నగారి కచేరీలలో గాయనిగా పేరు తెచ్చుకుంటున్న ఆమె, ఆయన కోసం గానం విడిచి ఈ రాత్రులను వరించినది. తానూ ఎనిమిది తోకచుక్కలు కనుగొన్నది. హెర్షెల్ కీర్తిలో ఆమె పాలు ఎంతో చెప్పనలవి కాదు.

పరారుణం మాత్రం రాత్రి దొరకలేదు, పట్టపగలు సూర్యుణ్ణి పరిశీలించేటప్పుడు దొరికినది. కళ్లకు రక్షణగా రంగురంగుల నల్లద్దాలు పెట్టి చూస్తుంటే, కొన్నిటిలో వెలుగు తక్కువైనా వేడి సోకినది. మరికొన్నిటిలో వెలుగు మెండు, వేడి స్వల్పం. రంగులన్నిటిలో వేడి సమానంగా లేదేమోనని అనుమానం కలిగినది. పట్టకంతో సూర్యకాంతిని ఏడు రంగులుగా విడదీసి, గుండ్లకు మసిపూసిన ఉష్ణమాపకాలను ఒక్కొక్క రంగులో ఉంచినాడు. పోలికకై వేరొక ఉష్ణమాపకాన్ని కాంతి పడని చోట పెట్టినాడు. ఊదారంగులో 2 డిగ్రీలు, ఆకుపచ్చలో సుమారు 3, ఎరుపులో సుమారు 7 డిగ్రీలు పెరిగినది. ఎరుపువైపు పోయేకొద్దీ పెరిగే వేడి ఎరుపుతోనే ఆగుతుందా? ఉష్ణమాపకాన్ని ఎరుపు దాటించి, ఏ రంగూ లేని చోట ఉంచినాడు. పాదరసం అక్కడ మరింత పైకెక్కినది. ఇది యాదృచ్ఛికంగా జరిగినదని లోకంలో ఒక కథ వ్యాపించినది. అది సరికాదు. ప్రశ్న వేసుకొని, సమాధానానికై పోయి వెదకినవాడాయన. ఆ కిరణాలూ వెలుగువలెనే అద్దంపై పరావర్తనం చెందుతాయని, కటకంలో వంగుతాయని కూడా నిరూపించినాడు.

ఇక్కడనే ఆయన తడబాటు కూడా ఉన్నది. తొలుత వేడిని అదృశ్యమైన వెలుగుగా భావించినాడు. అది నిజం. కాని ఆ యేడే మరిన్ని కొలతలు తీయగా, వెలుగు పసుపు దగ్గర అధికంగాను, వేడి ఎరుపుకావల అధికంగాను కనిపించినది. రెండూ ఒకటే అయితే శిఖరాలు వేరుగా ఎందుకుండవలె? కనుక రెండూ వేర్వేరని తేల్చినాడు. లోపం కొలతలలో లేదు. పసుపు చుట్టుపక్కల రంగులను హెచ్చుగాను, తక్కినవాటిని తక్కువగాను గ్రహించే మానవనేత్రాన్ని ఆయన తూనికగా వాడినాడు. ఎంతో నమ్మి శిక్షణ ఇచ్చిన కన్నే చివరకు ఆయనను మోసగించినది. తొలి ఊహ సరియైనదని తరువాతివారు స్థాపించినారు.

పరారుణాన్ని చిత్రంగా చూపినవాడు ఆయన కుమారుడు జాన్. ఒకవైపు మసిపూసిన కాగితాన్ని సారాయంతో తడిపి, దానిపై సూర్యుని వర్ణపటం పడనిచ్చినాడు. వేడి తగిలినచోట తడి ముందుగా ఆరి, కంటికి కనిపించని కిరణాల రూపం కాగితంపై తేలినది. ఇది 1840 నాటి మాట. 1910లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ ప్రకటించిన పరారుణ ఛాయాచిత్రాలలో చెట్ల ఆకులు మంచువలె తెల్లగా, ఆకాశం నల్లగా కనిపించినవి.

నేడు చీకటిలో చిత్రాలు తీసే విధానాలు ప్రధానంగా మూడు. ఉన్న కొద్ది వెలుగునే పోగుచేసి పెంచడం ఒకటి. ఎరుపును ఆనుకొనియున్న పరారుణాన్ని దీపంగా ప్రసరించి, దానిని గ్రహించగల కెమెరాతో తీయడం రెండవది. అడవిలోని పులిచిత్రం ఈ కోవకు చెందినది. ప్రాణులు, వస్తువులు తమ వేడివలన తామే విడిచే పరారుణాన్ని పట్టడం మూడవది. ఈ మూడవ కెమెరా హృదయంలో ఏమున్నది? 640 నిలువు వరుసలు, 480 అడ్డువరుసలుగా పేర్చిన అతిసూక్ష్మమైన ఉష్ణమాపకాలు, మొత్తం 3,07,200. తగిలిన కిరణాలకు ఒక్కొక్కటి ఏపాటి వేడెక్కినదో చూసి బొమ్మ కడుతుంది. మసిపూసిన ఆ నాటి గుండు ఇప్పుడు లక్షల రూపాలెత్తినది, అంతే.

హెర్షెల్ 1822 ఆగస్టు 25న ఎనభైమూడవ యేట స్లౌలో కన్నుమూసినాడు. కేరొలీన్ హానోవరుకు తిరిగిపోయినది. పెద్ద దూరదర్శిని వానకు నాని శిథిలమైనది. దాని కొయ్యకట్టడాన్ని విప్పించక ముందు, 1839లో జాన్ దానిని గాజుపలకపై ఛాయాచిత్రంగా తీసినాడు. ఆ యేడు చివరి రాత్రి కుటుంబమంతా నేలకు దించిన గొట్టంలో దూరి పాట పాడినారు. చీకటిలో చూడడానికి సంగీతాన్ని విడిచిన మనిషి నిర్మించిన ఆ గొట్టం, చివరికి చీకటిలో పాటతోనే నిండినది.