సుందరం చదువు - మన చదువు

తెలుగు కథలు చదివే వారిలో కొడవటిగంటి కుటుంబరావు గారి పేరు వినని వారు అరుదు. కొ.కు. అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు. ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. మన విజయవాడ ఆనకట్ట నుంచి పారే కృష్ణ కాలువల నీళ్ళతో పచ్చబడిన డెల్టా ఊరు అది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. గుంటూరులో ఇంటర్, విజయనగరంలో డిగ్రీ చదివి, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ కోసం కాశీ వెళ్ళారు. ప్రపంచమంతటినీ కుదిపిన ఆర్థిక మాంద్యం వల్ల ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత బతుకుతెరువు కోసం ఎన్నో ఊళ్ళలో ఎన్నో ఉద్యోగాలు చేశారు.

ఆ అనుభవమే ఆయన 'చదువు' నవలకు బలం. సుందరం అనే పిల్లవాడు అక్షరాభ్యాసం నుంచి కాలేజీ దాకా ఎదిగే కథ అది. ఒకవైపు జాతీయోద్యమం, మరోవైపు నిరుద్యోగం. చదువు వస్తుంది గాని దారి కనిపించదు.

వ్యాకరణం చదువుకున్న మాకు నవల పేరు దగ్గరే ఒక ఆలోచన వచ్చింది. అది ఎవరి చదువో ఆ పేరు చెప్పదు. 'సుందరం చదువు' అంటే ఒక్కడిది. 'పిల్లలు' అనే బహువచనం షష్ఠిలో 'పిల్లల' అవుతుంది. ఒక్క కొమ్ము తీసేస్తే చాలు, 'పిల్లల చదువు' అని అందరికీ హక్కు వస్తుంది. మాటలో ఇంత తేలికైనది ఊళ్ళో ఎన్ని తరాలు పట్టింది!

మన భాషలో బహువచనం లెక్క కోసమే కాదు, మర్యాద కోసం కూడా. కథలో పిల్లవాడు 'వాడు'. పెద్దయితే 'వారు'. మన నాన్నలు, తాతలు తల నెరిసినా ఊళ్ళో 'వాడు'గానే మిగిలారు. చదువు మనల్ని 'వారు' చేస్తుందని నమ్మి హాస్టల్లో చేర్చారు. సుందరం మధ్యతరగతి ఇంటి బిడ్డ. మనలో చాలామందికి పలక కొనడమే పండగ. అయినా పట్టా చేతికొచ్చాక ఏమిటన్న ప్రశ్న అతనిదీ మనదీ ఒక్కటే.

కుటుంబరావు గారు 1952 నుంచి 'చందమామ' సంపాదక బాధ్యతలు మోశారు. సంపాదకుడిగా పేరు వేసుకోకపోయినా, పల్లె పిల్లలకు సైతం అర్థమయ్యే తెలుగులో ఆ పత్రికను నడిపారు. 1970లో విప్లవ రచయితల సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. 1980 ఆగస్టు 17న మరణించారు.

'మా' అంటే వినేవారు బయటే ఉంటారు. 'మన' అంటే వాళ్ళూ లోపలికి వస్తారు. మన ఇళ్ళలో మొదటి పట్టా తెచ్చుకున్నవాళ్ళు 'మా చదువు' అని ఆగిపోకూడదు. వెనక వచ్చే వారిని కలుపుకుని 'మన చదువు' అనాలి. తమ్ముళ్ళు పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు 'చదువు' నవలనూ చదవాలని కోరుతున్నాము.