ఎతోరే బుగాటీ

ఎతోరే బుగాటీ 1881 లో ఇటలీ దేశమందలి మిలాను నగరమున జన్మించెను. తండ్రి కార్లో కొయ్యసామానుల రూపకల్పనలో ప్రసిద్ధుడు, తమ్ముడు శిల్పి. ఎతోరే మాత్రము యంత్రములను వలచెను. 1909 లో, నాడు జర్మనీ ఏలుబడిలోనున్న మోల్షైములో, కార్ల కర్మాగారమును స్థాపించెను.

ఆనాటి పందెపుకార్ల చక్రములకు సాధారణముగా ఉక్కుతీగల ఆకులుండెడివి. బుగాటీ ఎనిమిది వెడల్పాటి ఆకులతో, బ్రేకు డ్రమ్ముతో సహా, తేలికయగు అల్యూమినియపు చక్రమును పోతపోయించెను. ఏల? బాలలారా, చక్రము స్ప్రింగునకు క్రిందనుండును. బరువైన చక్రము గతుకుపై ఎగిరినచో వెంటనే నేలనంటజాలదు. నేలను విడిచిన చక్రము కారును మలపజాలదు, ఆపజాలదు. తేలికచక్రము వడిగా దిగి నేలను పట్టుకొనును. మఱియు ఇంజను చక్రమును ముందునకు నడుపుటయే గాక గిరగిర త్రిప్పవలెను గదా! బరువు తగ్గిన ఆ శ్రమయు తగ్గును.

1924 ఆగస్టులో ఫ్రాన్సునందలి లియాన్ పందెమునకు ఈ చక్రములతో టైప్ 35 కార్లు ఐదు వచ్చెను. కాని దారిలో టైర్ల పైపొరలు ఊడిపోయెను. ఏడవ స్థానముకన్న మేలైనది దక్కలేదు. దోషము టైర్లది. బుగాటీ తన చక్రమును విడువలేదు. సిసిలీ కొండదారులలో, గతుకులకును మలుపులకును పేరుపడిన టార్గా ఫ్లోరియో పందెమును 1925 మొదలు 1929 వరకు ఏటేట ఆయన కార్లే గెలిచెను. ఘనతయంతయు చక్రములదే యనరాదు. ఇంజనుకును, నడిపినవారి నేర్పునకును అందు పాలు కలదు.

బుగాటీ 1947 లో పారిసున మరణించెను.