గోడ దాటిన బంతి: సి.కె. నాయుడు

మా భాలుబాసా సందులో క్రికెట్‌కి ఒక రూలు ఉంది. బంతి గోడ దాటితే సిక్సర్ కాదు, ఔట్. గోడ అవతలివాళ్ళు బంతి తిరిగి ఇవ్వరు మరి! సి.కె. నాయుడు గారు మా సందులో ఆడి ఉంటే మొదటి ఓవర్లోనే ఔటై ఇంటికి పోయేవారని మా తాతయ్య నవ్వుతారు. ఆయన శ్రీకాకుళం నుంచి కంపెనీ పనికని జంషెడ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. క్రికెట్ మాట వస్తే మాత్రం మొదట నాయుడు గారి పేరే ఎత్తుతారు.

మా క్లాసులో చాలామందికి సి.కె. నాయుడు అంటే ఒక ట్రోఫీ పేరు. అది మనిషి పేరని తెలిసిన ఒకరిద్దరు కూడా ఆయన మరాఠీ ఆయన అనుకున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. పుట్టింది నాగపూర్‌లో, పేరు తెచ్చుకుంది బొంబాయిలో, స్థిరపడింది ఇందోర్‌లో. కానీ ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. పెద్దలది మన మచిలీపట్నం. ఊరు వదిలి వచ్చినా ఇంట్లో తెలుగు వదలని మనలాంటి కుటుంబమే.

1895 అక్టోబర్ 31న ఆయన పుట్టారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు న్యాయవాది. కనకయ్య నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజియేట్ హైస్కూల్లో చదువుతూ స్కూలు జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆరడుగుల పైన ఎత్తు, నిటారైన నడక. క్రికెట్ ఒక్కటే కాదు, హాకీ, ఫుట్‌బాల్ కూడా బాగా ఆడేవారు.

అప్పట్లో మన దేశంలో రంజీ ట్రోఫీ లేదు, ఐ.పి.ఎల్. అసలే లేదు. పెద్ద ఆట అంటే బొంబాయిలో జరిగే క్వాడ్రాంగులర్ పోటీ. అందులో జట్లను మతాన్ని బట్టి కట్టేవారు: హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. ఇప్పుడు వింటే వింతగానే ఉంటుంది. 1916లో హిందువుల జట్టు తరఫున నాయుడు గారు యూరోపియన్ల మీద మొదటి పెద్ద మ్యాచ్ ఆడారు. ఆయన బ్యాటింగ్‌కు దిగేసరికి 79 పరుగులకే 7 వికెట్లు పడిపోయి ఉన్నాయి. కొత్త కుర్రాడు. మొదటి మూడు బంతులు అడ్డుకున్నారు. నాలుగో బంతి సిక్సర్ వెళ్ళింది. తర్వాత దాదాపు యాభై ఏళ్ళు ఆయన ఆట ఇదే తీరులో సాగింది.

మద్రాసు చెపాక్ మైదానంలో ఆయన కొట్టిన ఒక బంతి స్టేడియం దాటి అవతల కొబ్బరిచెట్టు దగ్గర పడిందని చెప్పుకుంటారు. అలాంటి కబుర్లు ఊరూరా పాకాయి. 1923లో ఇందోర్ మహారాజు మూడవ తుకోజీరావు హోల్కర్ ఆయన్ని పిలిపించి, తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చి ఇందోర్‌లో ఉంచుకున్నారు. ఆటగాడికి జీతమంటూ లేని కాలం అది. కాబట్టి రాజుగారి కొలువే ఆయనకు ఆటతో బతికే దారి అయింది. తర్వాత జనం ఆయన్ని కల్నల్ నాయుడు అనడానికి కారణం ఈ హోల్కర్ సైన్యమే.

ఇక 1926 డిసెంబర్ 1 సంగతి. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానాలో హిందువుల జట్టుతో మ్యాచ్. నాయుడు గారు బ్యాట్ పట్టుకుని వచ్చారు. 116 నిమిషాల్లో 153 పరుగులు. అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. లెక్క వేసి చూడండి, 118 పరుగులు పరిగెత్తకుండానే వచ్చాయి! బాబ్ వయాట్ వేసిన ఒక బంతి జింఖానా కప్పు మీద పడింది. కబురు అందుకుని జనం పనులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. చోటు దొరకనివాళ్ళు చెట్లెక్కారు. ఆట చూసిన ఎం.సి.సి. వాళ్ళు ఆయనకు ఒక వెండి బ్యాట్ బహూకరించారు.

మనవాళ్ళు ఇంగ్లండ్ ఆటగాళ్ళ ముందు నిలబడగలరని ఆ పర్యటనతో తేలింది. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో మన జట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండ్ బయలుదేరింది.

కెప్టెన్ ఎవరనుకున్నారు? నాయుడు గారు కాదు. పోరుబందరు మహారాజా. వైస్ కెప్టెన్ లింబ్డీ రాకుమారుడు. ఆ రోజుల్లో కెప్టెన్ కావడానికి ఆట కన్నా వంశం ముఖ్యం. రాజావారిది మంచి మనసే, ఆట మాత్రం అంతంత మాత్రం. ఆ పర్యటనలో ఆయన పెద్ద మ్యాచుల్లో చేసిన పరుగులు ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు. అయితే తనకు ఆట రాదని ఒప్పుకోగలిగిన రాజు అరుదు, ఆయన ఒప్పుకున్నారు. టెస్టు సమయానికి ఆయన తప్పుకున్నారు, లింబ్డీ కూడా ఆడలేదు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్‌గా నాయుడు గారు జట్టును నడిపించారు.

అది కూడా సాఫీగా జరగలేదు. జట్టులో కొందరు ఆయన కింద ఆడం అని మొరాయించారు. పైనుంచి గట్టి కబురు వచ్చాకే దారికొచ్చారు. రాజు కాని మనిషి కింద ఆడటం కొందరికి నచ్చకపోయి ఉండవచ్చు. ఆయన స్వభావం కూడా కొంత కారణమే అని నాకనిపిస్తుంది. నాయుడు గారు చాలా కఠినంగా ఉండేవారు. క్రమశిక్షణ తప్పితే ఊరుకునేవారు కాదు. గౌరవించినవాళ్ళు ఎందరో ఉన్నారు కానీ, భుజం మీద చెయ్యేసి మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఆ ఉదయం మాత్రం లార్డ్స్ నిశ్శబ్దమైపోయింది. మహమ్మద్ నిస్సార్ వేగానికి ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. తర్వాత వాళ్ళ కెప్టెన్ జార్డైన్ నిలదొక్కుకున్నాడు. క్యాచ్ పట్టబోయి నాయుడు గారి చేతికి దెబ్బ తగిలింది. ఆ నొప్పి చేతితోనే ఆడి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళలో అదే ఎక్కువ స్కోరు. మ్యాచ్ 158 పరుగులతో ఓడిపోయాం. అయినా ఆ వేసవి అంతటిలో ఆయన 5 సెంచరీలతో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. బర్మింగ్‌హామ్‌లో కొట్టిన ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రియా నదిని దాటి పడిందట. అప్పట్లో ఆ నది రెండు కౌంటీలకు సరిహద్దు. అంటే ఒక జిల్లాలో కొట్టిన బంతి ఇంకో జిల్లాలో పడిందన్నమాట! 1933లో విజ్డెన్ పుస్తకం ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయన పేరు చేర్చింది.

1933-34లో మన దేశంలో జరిగిన మొదటి టెస్టు సిరీస్‌కూ ఆయనే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ భారత్ తరఫున మొదటి సెంచరీ కొట్టినప్పుడు అవతలి వికెట్ దగ్గర నిలబడి 186 పరుగుల భాగస్వామ్యం ఇచ్చింది నాయుడు గారే. సిరీస్ ఓడిపోయాం.

1936లో మళ్ళీ ఇంగ్లండ్ పర్యటన. ఈసారి కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. మన విజయనగరమే. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గరే కాబట్టి ఈ భాగం రాయడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. కానీ నిజం నిజమే. మూడు టెస్టుల్లో కలిపి విజ్జీ చేసినవి 33 పరుగులు. అయినా పోరుబందరు రాజాలాగా పక్కకు తప్పుకోలేదు. జట్టు రెండుగా చీలింది. మంచి ఫామ్‌లో ఉన్న అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. పొద్దున్న టిఫిన్ బల్ల దగ్గర అందరిముందూ నాయుడు గారిని అవమానించిన ఆటగాడికి టెస్టులో చోటు దొరికిందని ఒక కథ ఇప్పటికీ చెబుతారు. నాలుగేళ్ళ కింద తాను కెప్టెన్‌గా ఆడిన దేశంలోనే ఆయన మామూలు ఆటగాడిగా ఇవన్నీ చూస్తూ ఆడారు.

ఓవల్‌లో చివరి టెస్టు. అప్పటికి ఆయన వయసు 40. ఇంగ్లండ్ కెప్టెన్ గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలింది. ఊపిరి ఆడక తూలారు, మళ్ళీ నిలబడ్డారు. 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆయన చివరి టెస్టూ అదే. తర్వాత యుద్ధం వచ్చి పదేళ్ళపాటు భారత్ టెస్టులే ఆడలేదు. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు. ఈ అంకెలు మాత్రమే చూసేవాళ్ళకు ఆయన ఎవరో ఏమీ తెలియదు.

అక్కడితో ఆట ముగిసిందనుకుంటే పొరపాటు. నాకు ఆయన జీవితంలో ఈ రెండో సగమే ఎక్కువ ఇష్టం. రంజీ ట్రోఫీలో ఇందోర్ హోల్కర్ జట్టును ఆయన దేశంలోనే బలమైన జట్టుగా తయారుచేశారు. ముస్తాక్ అలీని చిన్నతనంలోనే గుర్తించి పైకి తెచ్చింది ఆయనే. సొంత తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ జట్టులో లెగ్ స్పిన్నర్. 1944-45 ఫైనల్లో బొంబాయి మీద ఆ తమ్ముడు ఒక్క మ్యాచ్‌లోనే 917 బంతులు వేశాడు! యుద్ధం పని మీద సైనికుడిగా వచ్చిన ఇంగ్లండ్ మేటి ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా అదే మ్యాచ్‌లో హోల్కర్ వైపు ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. అయినా ఓడిపోయారు. మరుసటి ఏడు బరోడా మీద ఫైనల్లో నాయుడు గారు డబుల్ సెంచరీ కొట్టారు. వయసు 50. హోల్కర్ గెలిచింది. మొత్తం మీద ఆ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ అందుకుంది.

56 ఏళ్ళ వయసులో బొంబాయి మీద ఆడుతుండగా దత్తూ ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి రెండు పళ్ళు ఊడిపోయాయి. అందరూ కంగారుగా పరుగెత్తుకొచ్చారు. ఆయన ఊడిన పళ్ళను బ్యాట్‌తో పిచ్ మీంచి పక్కకు తోసి మళ్ళీ గార్డ్ తీసుకున్నారు. తన వయసు చూసి వేగం తగ్గించవద్దని బౌలర్‌కు చెప్పారట. హెల్మెట్లు లేని కాలం అని గుర్తు పెట్టుకోండి. మా సందులో టెన్నిస్ బంతి తగిలితేనే అరగంట ఆట ఆగుతుంది.

సంస్థానాలు పోయాయి, కొన్నాళ్ళకు హోల్కర్ జట్టూ పోయింది. ఆయన ఆంధ్ర జట్టు తరఫున కూడా ఆడారు. పెద్దలు వదిలి వచ్చిన ప్రాంతం పేరున్న జట్టులో దిగినప్పుడు ఏమనుకున్నారో! 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది, క్రికెటర్లలో ఆయనకే మొదట. అందరూ ఇలాంటి బిరుదు వచ్చాక విశ్రాంతి తీసుకుంటారు. ఆయన 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు కెప్టెన్‌గా దిగి, 61 ఏళ్ళ వయసులో రాజస్థాన్ మీద 84 పరుగులు చేశారు. వినూ మన్కడ్ అంతటి స్పిన్నర్‌ను సిక్సర్లు కొట్టారు. ఇంకో విచిత్రం ఏమంటే, ఆ రోజుల్లో ఉత్తరప్రదేశ్ క్రికెట్ సంఘంలో పెద్ద విజ్జీయే. ఇరవై ఏళ్ళ నాటి గొడవ గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో మరి.

జట్టు ఎంపిక సంఘానికి అధ్యక్షుడిగా, బోర్డు ఉపాధ్యక్షుడిగా, రేడియో వ్యాఖ్యాతగా కూడా ఆయన పనిచేశారు. ఇవి త్వరగా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన మనసు ఎప్పుడూ మైదానంలోనే ఉంది. 1963-64లో ఒక సహాయనిధి మ్యాచ్‌లో చివరిసారి బ్యాట్ పట్టారు. 68 ఏళ్ళు. 1916లో మొదలైన ఆట అది. మొత్తం 207 ఫస్ట్ క్లాస్ మ్యాచులు, 11,825 పరుగులు, 411 వికెట్లు.

1967 నవంబర్ 14న ఇందోర్‌లో ఆయన కన్నుమూశారు. మన స్కూల్లో బాలల దినోత్సవం జరిగే రోజే అది. కుమార్తె చంద్ర నాయుడు ఇందోర్‌లో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేశారు, తండ్రి గురించి పుస్తకం రాశారు. 1970లలో ఇందోర్‌లో ఎం.సి.సి. మ్యాచ్ జరిగినప్పుడు ఆమె మైకు ముందు కూర్చుని వ్యాఖ్యానం చెప్పారు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి మహిళ ఆమే. ఆ రోజు కూడా ఎదుటి జట్టు ఎం.సి.సి.నే, బొంబాయి జింఖానా కప్పు మీద బంతి పడినప్పుడు ఫీల్డింగ్ చేసిన జట్టు పేరు.