డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: కణం తలుపుల దాకా చేరిన జీవితం



వారానికొకసారి మనకిచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను మీలో ఎంతమంది మింగుతున్నారో, ఎంతమంది కిటికీలోంచి విసిరేస్తున్నారో మీకే తెలుసు. నేనూ విసిరేసినవాడినే. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడేనని ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యం – చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో ఇబ్బందులు ఎక్కువ. ఇంతటి శాస్త్రవేత్త మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారంటే నమ్మబుద్ధి కాదు. మద్రాసులోని హిందూ హైస్కూలులో చదివి మూడోసారి గట్టెక్కారు. తరువాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

గాంధీజీ పిలుపు విని ఆయన ఖాదీ కట్టారు. అది సర్జరీ ప్రొఫెసరుకు గిట్టలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంతలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలి తీసుకుంది. మందులేని జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో బలపడింది.

పరాయి దేశంలో

మామగారి సాయంతోను, ఒక ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతోను 1923 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. 1925లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో లోహ్‌మన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఎనిమిదేళ్ళలో ఆయన పర్యవేక్షణలో జరిగిన పని ఒక జీవితకాలానికి సరిపడేది. 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం తయారయింది. ఆయన సోదరులను చంపిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అదే మందు. బోదకాలు రాకుండా మన ఊళ్ళలో ఆరోగ్య సిబ్బంది మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఫార్బర్ అనే వైద్యుడు వాడిన అమినోప్టెరిన్, దాని తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్, డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ అన్నీ అక్కడివే.

కణంలో ఆయన చోటు

మా క్లాసులో కొత్తగా తయారైన ప్రోటీన్ కణత్వచంలోకి ఎలా చేరుతుందన్న పాఠం జరుగుతుండగా నాకు సుబ్బారావుగారు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చారు.

మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రతి పెట్టెకూ ఒక ట్యాగ్ కడతారు. ఏ విమానమెక్కాలో ఆ ట్యాగే చెబుతుంది. కణంలోనూ అంతే. రైబోసోమ్ అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా గుచ్చుతూ ప్రోటీన్ తయారుచేస్తుంది. త్వచంలోకి వెళ్ళవలసిన ప్రోటీన్‌లో నూనె స్వభావమున్న ఒక ముక్క ట్యాగ్‌లా ఉంటుంది. అది బయటికి రాగానే ఎస్సార్పీ అనే కణిక దాన్ని పట్టుకుని, రైబోసోమ్‌తో సహా అంతర్జీవ ద్రవ్యజాలం దగ్గరకు తీసుకుపోతుంది. అక్కడి త్వచంలో సెక్61 అనే సొరంగం ఉంది. ప్రోటీన్ అందులోకి దూరుతుంది. నూనె స్వభావమున్న ముక్కలు సొరంగం పక్క తలుపు గుండా జారి, కొవ్వు పొరలో కుదురుకుంటాయి. తరువాత అక్కడి నుంచి కణం పైపొరకు చేరుతాయి. ఈ ట్యాగ్ సంగతి కనిపెట్టిన బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది.

ఈ దారిలో అడుగడుగునా సుబ్బారావుగారే ఎదురవుతారు. ప్రతి అమైనో ఆమ్లాన్ని సిద్ధం చేయడానికి ఏటీపీ కావాలి. బాక్టీరియాలో ప్రోటీన్‌ను త్వచం గుండా నెట్టే సెక్ఏ కూడా ఏటీపీనే ఖర్చు చేస్తుంది. బాక్టీరియా ప్రోటీన్‌లోని మొదటి అమైనో ఆమ్లాన్ని సిద్ధం చేయడానికి ఫోలిక్ ఆమ్లపు రూపం ఒకటి అవసరం. ఆరియోమైసిన్ చేసేది బాక్టీరియా రైబోసోమ్‌ను అడ్డుకోవడమే. చివరికి ఫోలిక్ ఆమ్లమైనా, మెథోట్రెక్సేట్ అయినా కణంలోకి వెళ్ళేది ఇలా త్వచంలో అమరిన ప్రోటీన్ తలుపుల గుండానే. క్యాన్సర్ కణంలో ఆ తలుపులు తగ్గిపోతే మెథోట్రెక్సేట్ సరిగా పనిచేయదు. కాబట్టి ప్రోటీన్ త్వచంలో సరిగ్గా కుదురుకోవడమన్నది పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు, ఒక బిడ్డ బతుకు ప్రశ్న కూడా.

ఇవేవీ తెలుసుకునే అవకాశం ఆయనకు దక్కలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం ఆయనకు లేదు. నోబెల్ రాలేదు. శతజయంతి సందర్భంగా 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనలో చాలామందికి ఇంట్లో చదువు చెప్పేవారు లేరు. ఒకసారి పరీక్ష తప్పితే పెట్టె సర్దుకుని కూలికి పోయినవాళ్ళు మన హాస్టల్‌లోనే ఉన్నారు. అలా వెళ్ళాలనిపించినప్పుడు మూడోసారి మెట్రిక్ రాసిన ఈ మనిషిని తలచుకోండి. పరీక్ష మళ్ళీ రాయండి. వచ్చే వారం మాత్ర ఇచ్చినప్పుడు మాత్రం విసిరేయకండి, అన్నం తిన్నాక మింగండి.