కర్నల్ కాలిన్ మెకంజీ

మన పడమటి సీమలో దూపాడు, కంభము మొదలగు స్థలముల పూర్వవృత్తాంతము నెఱుగగోరువారికి కైఫీయత్తులు ముఖ్యమైన ఆధారములు. ఊరి కరణములు, పెద్దలు చెప్పిన స్థలచరిత్రలకే కైఫీయత్తులని పేరు. వానిని వ్రాయించి కూర్చినవాడు కాలిన్ మెకంజీ. ఈయన స్కాట్లండు దేశమునకు చేరిన లూయిస్ ద్వీపమున స్టోర్నొవే పట్టణమందు 1754లో జన్మించెను. అచ్చట కొంతకాలము సుంకముల కచేరిలో ఉద్యోగము చేసి, 1783లో కంపెనీవారి సైన్యమున ఇంజనీరుగా చెన్నపట్టణమునకు వచ్చెను.

భూమి కొలుచుట ఆయన వృత్తి. కాని పొలిమేరలు గుర్తించుటతో ఆయనకు తృప్తి కలుగలేదు. ఈ ఊరికి ఈ పేరెట్లు వచ్చెను, చెఱువెవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి అని విచారింపసాగెను. అయితే ఆయనకు మన భాషలు రావు.

ఆ లోటు తీర్చినవాడు ఏలూరి వాసియగు కావలి వెంకట బొర్రయ్య. 1796 ప్రాంతమున దొరయొద్ద కొలువులో చేరునాటికి ఇతడు ఇరువదియేండ్ల యువకుడు. ఊరూర కరణములను కలిసికొని, వారికి నచ్చజెప్పి, కవిలెకట్టలు విప్పించి, నకళ్లు వ్రాయించెడివాడు. పాత కన్నడ లిపిలోనున్న శాసనములను సయితము చదువ నేర్చెను. 1803లో 26 ఏండ్ల ప్రాయముననే మరణించెను. దొర పేరు తెలిసినవారికి సయితము ఇతని పేరు తెలియకుండుట న్యాయము కాదు. పిమ్మట తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపెను.

మెకంజీ 1815లో భారతదేశమున కంతటికిని ప్రథమ సర్వేయర్ జనరల్ ఆయెను. 1821 మే 8వ తేదీన బంగాళమున మరణించెను. ఆయన కూర్చినవానిలో వ్రాతప్రతులు 1,568, శాసనముల నకళ్లు 8,076, నాణెములు 6,218 ఉన్నట్లు 1828లో ప్రకటింపబడిన పట్టికవలన తెలియుచున్నది. ఆయన భార్యకు లక్షరూపాయలిచ్చి ప్రభుత్వమువారు వానిని కొనిరి. తరువాత చెన్నపట్టణము చేరిన కాగితములు పురుగులు తిని శిథిలమగుచుండగా, సి. పి. బ్రౌన్ దొర వానికి నకళ్లు వ్రాయించెను.

కైఫీయత్తులలో పెక్కు కరణములు చెప్పినవే. కావున రాజుల దానములు, మాన్యముల వివరములు వానిలో విస్తారముగా కలవు. కట్టకు మన్ను మోసిన కూలివారి మాటలు, స్త్రీల పాటలు కొద్దిగనే కలవు. కంభము చెఱువును గజపతుల ఆడుపడుచు కట్టించెనని మన అవ్వలందఱును చెప్పుదురు. ఆ కట్టమీద పనిచేసినవారి కథ నడిగినచో, దానిని చెప్పగల అవ్వలు ఇప్పటికి కొందఱే మిగిలియున్నారు.